ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఎక్కడ పెట్టాలో పాత రిజిస్టర్లను అడిగాం: ఒక గ్రానైట్ యూనిట్ ప్రాజెక్టు డైరీ

జూన్ 2024, మొదటి వారం

మా యూనిట్‌లో మూడేళ్లుగా రాసిన ప్రమాదాల రికార్డులన్నీ ఒకచోటికి చేర్చి, వాటిని బట్టి ఫస్ట్ ఎయిడ్ ఏర్పాట్లు మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. పని అది. మేముండేది ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర. క్వారీ నుంచి బ్లాకు వస్తుంది, గాంట్రీ క్రేన్‌తో దించుతాం, మల్టీ కట్టర్ మీద పలకలు కోస్తాం, వెనక నెట్ అంటించి ఎపాక్సీ పూస్తాం, పాలిష్ లైను ఎక్కిస్తాం, ఎడ్జ్ కటింగ్ చేసి కంటైనర్లకు ఎత్తి చెన్నై పోర్టుకు పంపుతాం. పగలు, రాత్రి రెండు షిఫ్టులు. పనివాళ్లలో సగం మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మిగతావాళ్లు ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు.

ముందుగా చట్టం చదివాను. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఒకేసారి పనిచేసే ప్రతి 150 మందికి కనీసం ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉండాలి. దాని బాధ్యత సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో ఉండాలి. పని జరిగే వేళల్లో ఆ మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. 500 మంది దాటితే అంబులెన్స్ రూమ్ కావాలి. మేము ఏ షిఫ్టులోనూ 150 దాటం కాబట్టి లెక్కకు ఒక్క బాక్సు చాలు. మాకు రెండున్నాయి. మేనేజరు గారు కూడా అదే అన్నారు: "చట్టం అడిగినదానికంటే ఒకటి ఎక్కువే ఉంది కదయ్యా, ఇంకేం కావాలి?"

రెండు బాక్సులూ ముందువైపు ఆఫీసు బిల్డింగులోనే ఉన్నాయి, ఒకటి మేనేజరు గదిలో, ఒకటి టైమాఫీసులో. టైమాఫీసు గుమాస్తా సాయంత్రం ఆరింటికి తాళం వేసుకుని వెళ్తాడు. తెరిచి చూస్తే గట్టిపడిన దూది, జలుబు మాత్రలు, దగ్గు సిరప్పు, ఇన్సులేషన్ టేపు, ఎవరిదో బీరువా తాళంచెవి. రూల్సులో చెప్పిన సామాను తప్ప ఆ బాక్సులో ఇంకేదీ ఉండకూడదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. రక్తం కారుతున్నవాడి కోసం బాక్సు తెరిచిన చెయ్యి తాళాలగుత్తిలో వెతుక్కోకూడదు కాబట్టే ఆ మాట అక్కడ ఉంది.

ఎన్ని బాక్సులు అన్నది చట్టం చెప్పింది. ఎక్కడ, ఏ గంటకు, ఏ గాయానికి, ఎవరి చేతికి అన్నవి మా యూనిట్ గురించి మాకే తెలియాలి. బ్రిటన్‌లో 1981 నాటి ఫస్ట్ ఎయిడ్ నిబంధనలు అంకె చెప్పి ఊరుకోవు. అవసరమెంతో యజమానే అంచనా వేసుకోవాలి అంటాయి. అందులో ఇదివరకటి ప్రమాదాల చరిత్ర కూడా చూడాలని వాటి గైడెన్సు చెబుతుంది. మనకు ఆ మాట చట్టంలో లేకపోయినా చేయడానికి అడ్డేమీ లేదు.

జూన్, రెండో వారం

రికార్డులు రెండు రకాలు దొరికాయి. ఒకటి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపిన నోటీసుల ఫైలు. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు, ఆ పైన పనికి రాలేకపోతే 88వ సెక్షన్ కింద నోటీసు వెళ్లాలి. రెండోది ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వాళ్ల 11వ నంబరు ఫారం, అదే యాక్సిడెంట్ బుక్కు.

చదువుతూ పోతే ఒక సంగతి అర్థమైంది. నోటీసు తనిఖీ కోసం పుట్టింది, యాక్సిడెంట్ బుక్కు నష్టపరిహారం కోసం పుట్టింది. రెండింట్లోనూ గాయం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉంటుంది, సాక్షి సంతకం ఉంటుంది. దెబ్బ తగిలాక మొదటి పది నిమిషాల్లో ఏం చేశారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఒక ఎంట్రీ ఇలా ఉంది: "కుడిచేతి చూపుడువేలు నలిగినది. కట్టు కట్టి పంపడమైనది. స్థలం: షెడ్డు." మా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కేకేస్తే వినపడనంత పొడవు. పైగా మిషన్లు నడుస్తుంటే పక్కన నిలబడ్డవాడి మాటే వినపడదు. షెడ్డు అంటే ఎక్కడ? కట్టు అంటే దేనితో? అంతకుముందు దానిమీద ఏం పూశారు? ఎంతసేపటికి బండి వచ్చింది?

అందుకని ప్రతి ఎంట్రీకీ విడిగా ఒక కాగితం పెట్టాను. మిషన్ పేరు, గంట, మొదట ముట్టుకున్నది ఎవరు, మొదట ఏం చేశారు, దేనిలో తీసుకెళ్లారు, తోడు ఎవరు వెళ్లారు. మనిషి ఇంకా పనిలో ఉంటే తననే అడిగాను, లేకపోతే ఆ షిఫ్టు మేస్త్రీని అడిగాను. ఎడ్జ్ కట్టర్ దగ్గర వేలు కోసుకున్న కుర్రాడు చెప్పాడు: "పక్కనున్న అన్న బీడీ విప్పి పొగాకు అద్దాడు సార్. ఆమీద గ్రీజు గుడ్డ చుట్టారు. హాస్పిటల్లో అదంతా కడగడానికే ఎక్కువ నొప్పెట్టింది." ఈ ముక్క ఏ రిజిస్టర్లోనూ లేదు. నాకు కావలసింది ఇదే.

జూన్ నెలాఖరు

ఈ రెండు వారాల్లో దొరికినవే మొత్తం ప్రాజెక్టుకు వెన్నెముక. కొంచెం వివరంగా రాసుకుంటున్నాను.

యాక్సిడెంట్ బుక్కులో ఎంట్రీలు తక్కువగా కనిపించాయి. మా గేటు దగ్గర "ప్రమాదం లేని రోజులు" అని ఒక బోర్డు ఉంది, అంకె ఒక మెట్టు దాటితే షిఫ్టు మొత్తానికి బహుమతి ఇస్తారు. పాలిష్ లైను హెల్పరును అడిగితే నెమ్మదిగా చెప్పాడు: "రాస్తే ఆ రోజు హాజరు పోద్ది భయ్యా. పదిమందికి వచ్చే బహుమతి నా వల్ల పోయిందని అంటారు." అలాంటప్పుడు ఎవరు రాయిస్తారు? బుక్కు ఖాళీగా ఉంటే గాయాలు లేవని కాదు. కాబట్టి గాయాలు ఇంకెక్కడ జాడ వదిలాయో వెతకాలి.

మొదటి జాడ క్యాష్ వోచర్లలో దొరికింది. అకౌంట్స్ చూసే అమ్మాయి, "హాస్పిటల్ ఆటో అని విడిగా హెడ్డు లేదన్నా, కన్వేయన్స్‌లో కలిపేస్తాం. కానీ వోచర్ వెనకాల ఎందుకో రాయించుకుంటాను," అంది. వెనకవైపు తిప్పుతూ కూర్చున్నాం. "కన్ను చూపించడానికి", "కుట్లు విప్పించడానికి", "టీటీ ఇంజెక్షన్". తేదీ ఉంది, సంతకం ఉంది. బుక్కులో లేని గాయాలు ఇక్కడ వరుసగా కనిపించాయి. ఆ అమ్మాయి తన బాధ్యతగా రాయించుకున్న ఆ ఒక్క ముక్క ఇప్పుడు ఇంత పనికొస్తోంది.

రెండో జాడ స్టోర్స్ ఇష్యూ బుక్కు. గాజుగుడ్డ, ప్లాస్టరు, కళ్లలో వేసే చుక్కలు ఏ డిపార్ట్‌మెంటుకు ఎప్పుడు ఇచ్చారో ఉంది. పలకల వెనక నెట్ అంటించే నెట్ షెడ్డు వాళ్లు కళ్ల చుక్కలు పదే పదే తీసుకెళ్లారు. యాక్సిడెంట్ బుక్కులో నెట్ షెడ్డు పేరే అరుదు.

మూడోది నేను అనుకోనిది. క్రేన్ ఆపరేటరు పెద్దాయన, ఈ పనిలో అందరికంటే సీనియరు. రికార్డులు చూస్తున్నానని విని వచ్చి కూర్చున్నాడు. "నువ్వు చూస్తున్న పుస్తకం కాదు అబ్బాయ్. స్టాండు దగ్గర పలక పడి పగిలితే ప్రొడక్షన్ వాళ్లు బ్రేకేజీలో రాస్తారు. అది మనిషి మీద పడితేనే నీ పుస్తకంలోకి వస్తది. పడ్డం మాత్రం రెండూ ఒకటే పడ్డం," అన్నాడు.

బ్రేకేజీ రిజిస్టరు తెప్పించాను. పలక నంబరు, సైజు, ఎక్కడ పగిలింది, ఏ గంటకు, కారణం. యాక్సిడెంట్ బుక్కుకంటే వందరెట్లు శ్రద్ధగా రాసి ఉంది, ఎందుకంటే పలకకు ధర ఉంది. "లోడింగ్ స్టాండు, బెల్టు జారి, ఎవరికీ దెబ్బ తగల్లేదు." ఈ రకం ఎంట్రీలు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. రెండు సెంటీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు ఇంచుమించు 55, 60 కిలోలు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తు ఉన్న పలక మూడొందల కిలోల పైమాట. స్టాండు మీద అవి ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటాయి. ఒకటి కదిలితే ఒకటితో ఆగదు.

జూలై, మొదటి వారం

ప్లాంటు లేఔట్‌ను ఫ్లెక్సీ మీద పెద్దగా ప్రింటు తీయించి మీటింగ్ రూమ్ గోడకు కొట్టాను. కిరాణా కొట్లో దొరికే బొట్టుబిళ్లలు తెచ్చాం. ఎరుపు రక్తగాయాలకు, ఆకుపచ్చ కళ్లకు, నలుపు నలిగిన గాయాలకు, పసుపు కరెంటుకు, నీలం కళ్లు తిరిగి పడిపోయినవాళ్లకు, పగిలిన పలకలకు తెల్లబిళ్ల. నాలుగు పుస్తకాల నుంచీ తీసినవన్నీ అంటించాం.

ఎడ్జ్ కటింగ్ దగ్గర ఎర్రబిళ్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. నెట్ షెడ్డు మొత్తం ఆకుపచ్చ. కంటైనర్ లోడింగ్ స్టాండు చుట్టూ తెల్లవి గుంపుగా, వాటి మధ్యలో కొన్ని నల్లవి. ఆఫీసు బిల్డింగు దగ్గర ఒక్క బిళ్ల కూడా లేదు. బాక్సులు రెండూ ఉన్నది అక్కడే.

ఫ్లెక్సీ చూసిన తర్వాత మేనేజరు గారు ఇంకేం కావాలని అడగలేదు. "ఎడ్జ్ కట్టర్ నుంచి నా గదికి నడిచి చూద్దాం పద," అన్నారు. తడినేల, బురద, మధ్యలో ట్రాలీ దారి, ఆమీద పొడవాటి వరండా. రక్తం కారే చేతిని పట్టుకుని అంతదూరం నడవమనడం తప్పని ఆయనే అన్నారు. ఈ ప్రాజెక్టుకు డబ్బు శాంక్షన్ అయింది ఆ నడకలోనే.

గంటల లెక్క కూడా వేశాం. రాత్రి షిఫ్టు చివరి గంటల్లో వేళ్ల గాయాలు ఎక్కువ. కంటైనర్ బయల్దేరాల్సిన రోజు సాయంత్రం పలకలు పగలడం ఎక్కువ. టైమాఫీసుకు తాళం పడేది కూడా సరిగ్గా ఆ వేళకే. నీలం బిళ్లలన్నీ ఏప్రిల్, మే, జూన్‌లోనే. ఒంగోలు వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ.

జూలై, మూడో వారం

బిళ్లలు ఎక్కువున్న చోటే అంతా పెడదామని మీటింగులో ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు. కారణం రాస్తాను.

హెర్బర్ట్ హైన్రిచ్ అనే ఇన్సూరెన్సు ఉద్యోగి 1931లో అమెరికాలో ఒక లెక్క చెప్పాడు. ఒక పెద్ద ప్రమాదానికి 29 చిన్న గాయాలు, 300 దెబ్బతగలని ఘటనలు అని. సేఫ్టీ క్లాసుల్లో ఇప్పటికీ ఆ త్రిభుజం బొమ్మ గీస్తారు. దాన్నుంచి చాలామంది, చిన్నగాయాలు ఎక్కువున్న చోటే పెద్ద ప్రమాదం కూడా వస్తుందని అర్థం చేసుకుంటారు. మా గోడ మీది మ్యాప్ అలా చెప్పడం లేదు. వేళ్లు తెగేది ఎడ్జ్ కట్టర్ దగ్గర. ప్రాణం పోయే అవకాశం ఉన్నది లోడింగ్ స్టాండు దగ్గర, తడినేల మీద కరెంటుతో నడిచే హ్యాండ్ పాలిషర్ల దగ్గర. పసుపు బిళ్లలు మొత్తం గోడ మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని లేవు. కానీ అందులో ఒకటి, "కరెంటు తగిలి పడిపోయాడు, నీళ్లు చల్లితే లేచాడు, పనిలోకి వెళ్లాడు." ఆ ఎంట్రీ చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కరెంటు తగిలి పడినవాడు లేచి నడిచినా సరే, హాస్పిటల్లో గుండె పరీక్ష చేయించాల్సిందే.

అందుకని లిస్టులు రెండు వేశాం. తరచుగా జరిగేవి ఒక లిస్టు, అరుదుగా జరిగినా ప్రాణం మీదికి వచ్చేవి ఒక లిస్టు. మొదటిదానికి సామాను ముఖ్యం. రెండోదానికి మనుషులు, ప్రాక్టీసు ముఖ్యం.

ఈ పుస్తకాల్లో దేనిలోనూ కనిపించని జబ్బు ఒకటుంది, సిలికోసిస్. ఏళ్ల తరబడి రాతిపొడి పీలిస్తే వచ్చేది. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉన్న జబ్బే అయినా అది ఒక తేదీన, ఒక మిషన్ దగ్గర జరగదు కాబట్టి ప్రమాదాల రికార్డుకు అందదు. ఫస్ట్ ఎయిడ్ బాక్సుతో దానికి చేయగలిగిందేమీ లేదు. తడి కటింగ్, మాస్కులు, ఛాతీ ఎక్స్‌రేల గురించి వేరే నోటు రాసి మేనేజ్‌మెంటుకు ఇచ్చాను.

ఆగస్టు, మొదటి సగం

కళ్లతో మొదలుపెట్టాం. నెట్ షెడ్డులో ఎపాక్సీ రెజిన్‌లో హార్డ్‌నర్ కలుపుతారు. అది కంట్లో పడితే ఆగకుండా శుభ్రమైన నీళ్లతో కనీసం 15, 20 నిమిషాలు కడగాలి. మావాళ్లు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారంటే, దగ్గర్లో ఉన్న గొట్టం పట్టుకుని కడుక్కుంటున్నారు. మా షెడ్డులో గొట్టాల్లో వచ్చేది సెటిలింగ్ ట్యాంకు నుంచి తిరిగొచ్చిన నీళ్లు. అందులో రాతిపొడి ఉంటుంది. కెమికల్ పడిన కంట్లో రాతిపొడి నీళ్లు కొట్టుకుంటే ఏమవుతుంది? వోచర్ల వెనక "కన్ను చూపించడానికి, రెండోసారి" అని ఎందుకు ఉందో అప్పుడు తెలిసింది.

ఐవాష్ స్టేషన్ పెట్టాలి. అమెరికాలో దీనికి ఆన్సీ జడ్ 358.1 అని ఒక ప్రమాణం ఉంది. ప్రమాదం జరిగే చోటు నుంచి పది సెకన్ల నడకలో ఉండాలి, 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వారానికోసారి తిప్పి చూడాలి అంటుంది. ఈ గోరువెచ్చన అన్న ముక్క మన ఎండల్లో చాలా ముఖ్యం. రేకుల మీద నల్ల సింటెక్స్ ట్యాంకు నుంచి లైను ఇస్తే మే నెల మధ్యాహ్నం అందులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అంత వేడి నీళ్ల కింద కన్ను పెట్టుకుని ఎవడూ పావుగంట నిలబడడు. ప్లంబరుతో మాట్లాడి, తాగునీటి సంపు నుంచి భూమిలో లోతుగా పైపు వేయించి, నీడలో చిన్న ట్యాంకు పెట్టించాం. ట్యాపు పక్కన గోడగడియారం. కడుగుతుంటే రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తుంది, గడియారం చూస్తేనే నమ్మకం.

రాతి రవ్వ గుచ్చుకుంటే పద్ధతి వేరు. నలపకూడదు, రుమాలు కొసతో తీయబోకూడదు. తేలిగ్గా ఉన్న నలుసు నీళ్లతో పోతుంది. గుచ్చుకుని ఉంటే కన్ను మీద ఒత్తిడి పడకుండా మూసి కళ్లడాక్టరు దగ్గరికి పంపాలి.

ఇక వేళ్లు. ఎడ్జ్ కట్టర్ పక్కన స్తంభానికి తాళం లేని బాక్సు బిగించాం. దుమ్ము, తడి లోపలికి పోకుండా రబ్బరు అంచు ఉన్నది. రూల్సు ప్రకారం ఉండాల్సిన సామాను తప్ప అందులో ఏదీ పెట్టకూడదు కదా, రికార్డులు అడిగిన అదనపు సామాను కోసం దాని పక్కనే ఇంకో సంచి వేలాడదీశాం. తెగిన వేలికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఉంగరం కోసే కత్తెర కూడా, ఎందుకంటే వేలు నలిగితే వాపు నిమిషాల్లో ఎక్కుతుంది, ఉంగరం ముందే తీయకపోతే తర్వాత తీయలేం.

వేలు తెగిపడితే ఏం చేయాలో సంచి మీద తెలుగులో, హిందీలో, ఒడియాలో రాయించాం. మనిషి చేతికి శుభ్రమైన గుడ్డ వేసి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మాటిమాటికి గుడ్డ తీసి చూడకూడదు. తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా కట్టి, ఆ కవరును ఐసు నీళ్లలో పెట్టాలి. ముక్కను నేరుగా ఐసులో పెడితే గడ్డకట్టి పాడైపోతుంది. వేలు అతికించే సర్జన్లు దొరికేది గుంటూరులోనో విజయవాడలోనో. వందకు పైగా కిలోమీటర్లు. చల్లగా ఉంచితే డాక్టర్లకు ఆ దారి కలిసొస్తుంది.

ఐసు ఎక్కడిది? క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఉంటుంది, రాత్రి క్యాంటీన్ మూస్తారు. గాయాలు ఎక్కువయ్యేది రాత్రి చివరి గంటల్లో. సెక్యూరిటీ గదిలో చిన్న ఫ్రిజ్ పెట్టించి, ఐస్ ట్రేలు నింపి ఉన్నాయని షిఫ్టు మారినప్పుడల్లా సంతకం చేసే కాగితం తలుపుకు అంటించాం.

ఆగస్టు, రెండో సగం

మనుషుల్ని ఎంచుకోవడం. మామూలుగా ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగుకు సూపర్‌వైజర్లను పంపుతారు, వాళ్లకు చదువొచ్చని. మా దగ్గర కూడా ఆ లిస్టే తయారైంది. నేను మళ్లీ వోచర్లు తీశాను. హాస్పిటల్‌కి తోడు వెళ్లినవాళ్ల సంతకాలు చూస్తే అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పాలిష్ లైనులో ఒక ఒడియా హెల్పరు, లోడింగులో ఇద్దరు, క్రేన్ పెద్దాయన, నెట్ షెడ్డులో పనిచేసే ఒకమ్మ. ఎవరూ చెప్పకుండానే పరుగెత్తి వచ్చినవాళ్లు, రక్తం చూసి వెనక్కి తగ్గనివాళ్లు, రాత్రంతా వార్డు బయట కూర్చున్నవాళ్లు. ట్రైనింగు ఇవ్వాల్సింది వీళ్లకు. వీళ్ల చేతుల్లో ఆ గుణం ముందే ఉంది.

నెట్ షెడ్డు అమ్మను అడిగితే మొదట ఒప్పుకోలేదు. "నాకు చదువు రాదు బాబూ, సర్టిఫికెట్ ఎవరిస్తారు?" అంది. చేసి చూపించే పరీక్షేనమ్మా అని చెప్పి తీసుకెళ్లాం. రెడ్ క్రాస్ ట్రైనర్ బొమ్మ ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని చెప్పినప్పుడు అందరికంటే సమంగా నొక్కింది ఆమే. ఊళ్లో వడ్లు దంచిన చేతులవి.

ఒక్కో షిఫ్టుకు, ఒక్కో జోనుకు మనిషి పేరు ఖాయం చేశాం. సెలవు పెడితే బదులు ఎవరో కూడా రాశాం. పని వేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలన్న చట్టం మాట ఇలా చేస్తేనే నిజమవుతుంది.

సెప్టెంబరు

లోడింగ్ స్టాండు దగ్గర ప్రాక్టీసు చేశాం. పలక కింద మనిషి ఉన్నాడనుకుని. మొదట జరగాల్సింది పరుగెత్తకపోవడం. ఇది నేర్పడం చాలా కష్టం, ఎందుకంటే మంచి మనిషి ముందు పరుగెత్తుతాడు. స్టాండు మీద మిగిలిన పలకలు ఇంకా ఊగుతూ ఉంటాయి, వెళ్లినవాడి మీద కూడా పడతాయి. విజిల్ ఊదాలి, క్రేన్ రావాలి, మిగిలిన పలకలకు బెల్టు వేసి ఆపాలి, అప్పుడు పైదాన్ని లేపాలి. అంటే మా దగ్గర ఫస్ట్ ఎయిడ్‌లో మొదటి మనిషి క్రేన్ ఆపరేటరు. పెద్దాయన ఈ ముక్క విని, రిమోటు తన మెడలోంచి తీసి షెడ్డు స్తంభానికి తగిలించే అలవాటు ఆ రోజే మానేశాడు.

బయటికి తీశాక చేతులు పట్టి లాగకూడదు, నీళ్లు తాగించకూడదు, వెన్ను కదలకుండా, బల్లలా గట్టిగా ఉండే స్ట్రెచర్ మీదికి చేర్చాలి. ఇదివరకు గోనెపట్టా మీద మోశారని పాత కాగితంలో ఉంది. స్ట్రెచర్ ఇప్పుడు స్టాండుకు ఎదురుగా గోడకు వేలాడుతోంది.

108కి ఫోన్ చేయడం కూడా ప్రాక్టీసు చేయాల్సిన పనే. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సర్వీసు నంబరు తెలియనివాడు మనలో ఎవరూ లేడు. కానీ ఫోన్ చేసినవాడు ఒడిశా కుర్రాడైతే, రోడ్డు మీద వరుసగా అన్నీ గ్రానైట్ యూనిట్లే అయితే, ఏ గేటని చెబుతాడు? మైలురాయి, పక్కనున్న గుడి, గేటు రంగు, మూడూ రాసిన కార్డు ప్రతి బాక్సు మూతకు లోపలివైపు అంటించాం. ఫోన్ చేసినవాడు ఫోన్ దగ్గరే ఉండాలి, ఇంకొకడు టార్చ్‌తో రోడ్డు మీద నిలబడాలి.

నెల మధ్యలో నిజంగానే ఒక ఘటన జరిగింది. రాత్రి షిఫ్టు, నెట్ షెడ్డులో హార్డ్‌నర్ డబ్బా మూత తీస్తుంటే చిమ్మి ఒక కుర్రాడి కంట్లో పడింది. ట్రైనింగు తీసుకున్నమ్మ ఆ షిఫ్టులోనే ఉంది. చెయ్యి పట్టి ఐవాష్ దగ్గరికి నడిపించి, రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుంది. మంటకు వాడు తల వెనక్కి లాక్కుంటుంటే, "ఉండు నాయనా, ఇంకొంచెం, ముల్లు అక్కడికి రావాలి," అంటూ గడియారం చూపించిందట. 20 నిమిషాలు కడిగాకే బండి ఎక్కించారు. డబ్బా లేబుల్ ఫోటో తీసి తోడు వెళ్లినవాడి ఫోన్లో పెట్టారు, ఏ కెమికల్ అని డాక్టరు అడిగితే చూపించడానికి. కొద్దిరోజులు ఎర్రగా ఉండి కన్ను బాగైంది. వాడు పనిలోకి వచ్చిన రోజు నేను నెట్ షెడ్డుకు వెళ్లి ఆమెకు దండం పెట్టాను.

అక్టోబరు

కొత్త రిజిస్టరు అచ్చు వేయించాం. 11వ నంబరు ఫారం అలాగే ఉంటుంది, అది చట్టం పని. ఇది మా పని. గాయమే కాదు, తెల్లబిళ్లలు కూడా ఇందులోకి వస్తాయి. బ్రేకేజీ రాసేటప్పుడు "ఆ క్షణంలో దగ్గరగా ఎవరున్నారు" అని ఒక గడి కలిపాం. "మొదట ఏం పూశారు" అన్న గడి కూడా ఉంది. పసుపు, కాఫీపొడి, పొగాకు, టూత్‌పేస్టు ఏదైనా రాయమన్నాం, తిట్టమని మాట ఇచ్చాం. తిడితే మళ్లీ దాస్తారు.

గేటు దగ్గరి బోర్డు గురించి మేనేజరు గారితో చాలాసేపు మాట్లాడాను. బహుమతి ఆపేయడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో, రాయించినవాడికి ఆ రోజు హాజరు పూర్తిగా ఇవ్వాలని నిర్ణయమైంది. ఇది అమలైన మొదటి వారంలోనే రిజిస్టర్లో ఎంట్రీలు పెరిగాయి. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ప్రమాదాలు ఎక్కువయ్యాయా అని. పెరిగినవి గాయాలు కావు, రాతలు అని వోచర్లు పక్కనపెట్టి చూపించాం. ఇప్పుడు రెండు పుస్తకాలూ దాదాపు కలుస్తున్నాయి.

నవంబరు

చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. హ్యాండ్ పాలిషర్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న బోర్డులు పెట్టాలి, సగమే అయ్యాయి. ప్రతి మెయిన్ స్విచ్ మీద అది ఏ మిషన్‌దో పెద్ద అక్షరాలతో రాయాలి, ఎందుకంటే కరెంటు పట్టుకున్నవాడిని ముట్టుకునేముందు స్విచ్ తీయాలి, చీకట్లో వెతుక్కునే టైముండదు. ఎండల కోసం ఓఆర్‌ఎస్, చల్లని నీళ్ల డ్రమ్ము, తడిపే గుడ్డలు, ఫ్యాను ఉన్న నీడ గది ఫిబ్రవరి దాటకముందే తయారవ్వాలి.

అన్నిటికంటే కష్టమైంది లోడింగ్ బ్యాచ్. కాంట్రాక్టు మీద వచ్చే ఆ మనుషులు మారుతూ ఉంటారు, నేర్పినవాళ్లు వెళ్లిపోతారు. డిసెంబరులో కొత్తవాళ్లు వస్తున్నారు. గేట్ పాస్ ఇచ్చే ముందే స్టాండు దగ్గర విజిల్, బెల్టు, స్ట్రెచర్ ప్రాక్టీసు అయిపోవాలని టైమాఫీసుకు రాసిచ్చాం. నేర్పడానికి క్రేన్ పెద్దాయన ఒప్పుకున్నాడు. బ్రేకేజీ రిజిస్టరు తనకు కూడా ఒక కాపీ కావాలన్నాడు, జిరాక్స్ తీయించి ఇచ్చాను.